స్ప్రింగుల సైకిలు మోజు

వీకెండుకి ఆర్మూరు వచ్చినప్పుడు సిద్దులగుట్ట మీద తొక్కుదామని గేర్ల సైకిలు కొంటున్న సాఫ్ట్‌వేరు సోదరులారా, 10 వేల లోపు దొరికే రెండు స్ప్రింగుల సైకిలు మౌంటెన్ బైకు కాదు, దాని వేషం! ఆ ధరలో స్ప్రింగులు పెట్టాలంటే బ్రేకుల్లోనో, హబ్బుల్లోనో కోత పడాల్సిందే. గుట్ట ఎక్కేటప్పుడు వెనక స్ప్రింగు మీ బలం తింటుంది, సరే. దిగేటప్పుడు ఆ బ్రేకులు పట్టకపోతే?

స్ప్రింగుల్లేని ఫోర్కు, మంచి బ్రేకులు, లావు టైర్లు చాలు. మిగిలిన డబ్బుల్లో ఓ స్టీలు స్కేలు కొనండి (నవ్వకండి). కొత్త చైనులో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు. 1/16 అంగుళం సాగిందా, మార్చెయ్యండి. 1/8 దాకా ఆగితే వెనక పళ్ళచక్రాలూ అరిగిపోతాయి, ఖర్చు ఎక్కడికో పోతుంది. పసుపు చేల బురదలో తిరిగొచ్చాక చైను తుడిచి, ఆరబెట్టి, పల్చటి నూనె వెయ్యండి. గ్రీజు మాత్రం పుయ్యకండి బాబూ, దుమ్మంతా దానికే!