వరద ఉప్పుగూడకు, కొలను గచ్చిబౌలికి!

2020 అక్టోబర్ వానలు యాదికున్నయా? పల్లెచెరువు, గుర్రంచెరువు తెగి పాతబస్తీ దక్షిణం దిక్కు మీద పడ్డయి. ఉప్పుగూడ, ఫలక్‌నుమా, హఫీజ్‌బాబానగర్ గల్లీల్లో ఇండ్లు మునిగినయి, బియ్యం బస్తాలు నానినయి, పిల్లల పుస్తకాలు కొట్టుకపోయినయి. ఉప్పుగూడకు నీళ్లు తెచ్చుడు సర్కారుకు కష్టమైన పనేం కాదని ఆనాడే తేలిపోయింది. అడగని నీళ్లు అర్ధరాత్రి ఇంట్లకొస్తయి. అడిగిన నీళ్లే రావు.

అడిగిన నీళ్లంటే ఎన్ని? యాభై మీటర్ల పొడుగు, ఎనిమిది లేన్లు, రెండు మీటర్ల లోతు. అంతే. ఒక ఫంక్షన్ హాలు పార్కింగంత జాగ.

ఆటల ముచ్చట ఆటల పేజీల రాసుకోవాలె గని ఈడ ఎందుకంటరు కొందరు పెద్దమనుషులు. నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినోళ్లం మనం. ఒక ఈతగాని బతుకు చూస్తే ఆ మూడూ అందుల్నే ఉన్నయి. కొలను లేకుంటే వాడు పుట్టడు, పైసలు లేకుంటే వాడు ఎదగడు, కొలువు లేకుంటే వాడు నిలువడు. ఇగ ఇది ఆటల పేజీ ముచ్చట ఎట్లయితది?

ఫ్రీస్టయిల్ స్ప్రింట్ అంటే 50 మీటర్లు, 100 మీటర్లు. 50 మీటర్ల పోటీ 1988 సియోల్ నుంచి ఒలింపిక్స్‌ల ఉన్నది. గట్టి మొగోళ్లు 22 సెకన్లలోపు ముగిస్తరు. దూకినంక మలుపు లేదు, తప్పు దిద్దుకునే తీరిక లేదు, చాలామంది ఒకటి రెండుసార్లకు మించి ఊపిరి కూడా పీల్చరు. గా 22 సెకన్ల వెనక పదేండ్ల పొద్దుగాలలుంటయి. ఏడెనిమిదేండ్ల వయసుల మొదలువెట్టాలె, పెద్దగైనంక రోజుకు రెండు పూటలు నీళ్లల్ల ఉండాలె. పాతిక మీటర్ల తొట్లె నేర్చినోడు గోడను తన్ని వేగం తెచ్చుకుంటడు. యాభై మీటర్ల కొలనుల ఆ గోడ నడుమల దొరకది. ఆఖరి పదిహేను మీటర్లల్ల చేతులు బరువెక్కి నడుము కిందికి దిగుతది. అక్కడ ఓర్చుకునుడు అలవాటైతేనే వాడు పోటీగాడు. ఎండాకాలం రెండు నెలల కోచింగ్ క్యాంపు పెట్టి, చేతుల సర్టిఫికెట్ పెట్టి పంపితే అలవాటుగాదు.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌ల ఈ దేశం ఆ దేశం అనకుండ అందరూ చూసిన ముచ్చట ఒకటున్నది. ఈక్వటోరియల్ గినీ నుంచి ఎరిక్ ముసాంబానీ అనే పిల్లగాడు 100 మీటర్ల ఫ్రీస్టయిల్‌కు వచ్చిండు. ఆ దేశానికి ప్రత్యేక కోటా కింద ఇచ్చిన అవకాశం అది. వాడు నేర్చుకున్నది ఒక హోటల్ల పన్నెండు మీటర్ల తొట్లె. యాభై మీటర్ల కొలను అదే మొదటిసారి చూసుడు. హీట్ల పక్కన నిలబడ్డ ఇద్దరూ ఈల వేయకముందే దూకి బయటికి పోయిండ్రు. ఇగ ఒక్కడే ఈదిండు. ఆఖరికి మునిగిపోతడేమో అన్నట్టయింది. 1 నిమిషం 52.72 సెకన్లు. అదే ఒలింపిక్స్‌ల డచ్ ఈతగాడు పీటర్ వాన్ డెన్ హూగన్‌బాండ్ అదే దూరం 47.84 సెకన్లల ఈదిండు. స్టేడియం మొత్తం లేచి ముసాంబానీకి చప్పట్లు కొట్టింది. చప్పట్లు మంచిగనే ఉంటయి. గని పన్నెండు మీటర్ల తొట్లె వాని చేతికి పెట్టిందెవరని ఆనాడు ఎంతమంది అడిగిండ్రు? ఓడినోని పట్టుదలను మెచ్చుకునుడు సర్కార్లకు చానా సులువు. కొలను కట్టుడు కన్న చప్పట్లు చౌక.

మన దిక్కు చూద్దాం. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో 100 మీటర్ల ఫ్రీస్టయిల్ స్వర్ణం సచిన్ నాగ్‌ది. ఆ మనిషి ఈత నేర్చింది బెనారస్‌ల గంగ ఒడ్డున. ఆయన చనిపోయింది 1987ల. ధ్యాన్‌చంద్ అవార్డు ఇచ్చింది 2020ల. ముప్పై మూడేండ్లు! అవార్డు తీసుకునేటందుకు మనిషి లేడు గని ఫైలు మాత్రం ఒడ్డుకు చేరింది. ఇదీ మన దేశం ఈత వేగం.

ఉద్యోగులు మనసువెట్టి చదవాల్సింది విర్ధవల్ ఖాడే ముచ్చట. కొల్హాపూర్ పిల్లగాడు. తర్ఫీదుకు బెంగళూరు పోయిండు, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌ల ఈదిండు. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 50 మీటర్ల బటర్‌ఫ్లైల కంచు తెచ్చిండు. 1986ల ఖజాన్ సింగ్ వెండి తెచ్చినంక ఇరవై నాలుగేండ్లకు ఈతల వచ్చిన పతకం అది. మహారాష్ట్ర సర్కారు తహసీల్దార్ కొలువిచ్చింది. మంచిదే. గని కొలువొచ్చినంక కొన్నేండ్లు వాడు పెద్ద పోటీలకు దూరమైండు. పొద్దుగాల ఐదు గంటలకు నీళ్లల్ల ఉండాల్సిన మనిషి కచ్చేరిల ఫైళ్ల ముందు కూసుంటే ఏమైతది? కండలు సెలవు దరఖాస్తు పెట్టవు, ఊకెనే పోతయి.

2018ల, 27వ ఏట, జకార్తాకు మళ్లొచ్చిండు. 50 మీటర్ల ఫ్రీస్టయిల్ హీట్ల 22.43 సెకన్లు, జాతీయ రికార్డు. ఫైనల్ల 22.47. జపాన్ నకావోది 22.46. సెకనుల నూరో వంతు! ఆ వేగం మీద లెక్కగడితే రెండు సెంటీమీటర్లు, మన బొటనవేలి వెడల్పు. అంత తేడాతో కంచు పోయి నాలుగో జాగ మిగిలింది. కొలువుల గడిచిన ఏండ్లల్ల ఆ రెండు సెంటీమీటర్లు ఎక్కడ జారిపోయినయో సెక్రటేరియట్ల కూసున్నోళ్లు లెక్క చెప్పగలరా? మన రాష్ట్రంల స్పోర్ట్స్ కోటా 2 శాతమని కాగితం మీద రాసి ఉన్నది. కోటాల కొలువు ఇచ్చుడు సగం పని. ఇచ్చినంక రోజుకు రెండు పూటలు ఈదనిచ్చే డ్యూటీ, జీతం కోయని సెలవు ఇచ్చుడు మిగిలిన సగం. యూనియన్ల పెద్దలు ఈ రెండో సగం మీద ఒక్క మెమోరాండం ఇచ్చిండ్రా అని అడిగితే కోపాలొస్తయి.

ఇగ మన నగరం లెక్క. 2004 ఏథెన్స్‌ల శిఖా టాండన్ రెండు ఫ్రీస్టయిల్ స్ప్రింట్లల్ల దిగింది. బెంగళూరు బిడ్డ. 2008ల ఖాడేతో పాటు రేహాన్ పోంచా, బెంగళూరు. 2012ల గగన్, బెంగళూరు. 2024 పారిస్‌కు పోయినోళ్లు ఇద్దరే: శ్రీహరి నటరాజ్, పద్నాలుగేండ్ల ధినిధి దేశింగు. ఇద్దరూ బెంగళూరు. ఈ ఇరవై ఏండ్ల ఒలింపిక్ ఈత జాబితాల హైదరాబాద్ పేరు వెతుకుండ్రి. దొరకది. బెంగళూరు నీళ్లల్ల ఏమన్న మందు కలిపిండ్రా? బసవనగుడి అసొంటి బస్తీ నడుమ కొలనులున్నయి, క్లబ్బులున్నయి, బడికి పోయే ముందు పిల్లలు ఈది పోయే తొవ్వ ఉన్నది. గంతే.

మరి మనకు కొలను లేదా? ఉన్నది, బ్రహ్మాండంగ ఉన్నది. 2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిల కట్టిండ్రు. 2003ల ఆఫ్రో ఏషియన్ క్రీడలు, 2007ల ప్రపంచ సైనిక క్రీడలు నడిపిండ్రు. అప్పటి పాలకులు హైటెక్ సిటీ పక్కన్నే హైటెక్ కొలను పెట్టుకున్నరు. ఫోటోల్ల మంచిగ పడాలె కదా! ఉప్పుగూడ నుంచి అక్కడికి ఇరవై కిలోమీటర్ల పైమాటే. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. పాలకులు మారిండ్రు, బోర్డులు మారినయి, దూరం మాత్రం ఒక్క కిలోమీటరు తగ్గలె.

పాతబస్తీ పిల్లలల్ల దమ్ము లేదనేటోళ్లు ఒక్కసారి ఎనకకు చూడుండ్రి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల ఫుట్‌బాల్ల ఇండియాను నాలుగో జాగకు తెచ్చిన కోచ్ రహీం సాబ్ హైదరాబాదీ. 1962ల ఆసియా స్వర్ణం కూడా ఆయన చేతిదే. ఫుట్‌బాల్‌కు మైదానం చాలు, బూట్లు లేకున్నా నడిచింది. మైదానాలున్నన్ని రోజులు ఈ నగరం ఆటగాళ్లను కన్నది. నీళ్లకు అట్ల కుదరది. నీళ్లకు గోడ కట్టి, తాళం వేసి, టిక్కెట్టు పెడతరు. తాళం చేయి ఎవరి చేతిల ఉంటే వాని పిల్లలే ఈదుతరు.

ఇది కొత్త ముచ్చట కాదు. 1927 మార్చి 20న మహద్‌ల అంబేద్కర్ చెరువు నీళ్లు దోసిట పట్టింది దూప కోసమేనా? అమెరికాల నల్లోళ్లను తెల్లోళ్ల కొలనులల్లకు రానియ్యని రోజులు నడిచినయి. అదే దేశంల 2016ల సిమోన్ మాన్యుయెల్ 100 మీటర్ల ఫ్రీస్టయిల్ స్వర్ణం గెలిచింది. ఈతల సొంతంగ ఒలింపిక్ స్వర్ణం గెలిచిన మొదటి అమెరికా నల్లబిడ్డ ఆమెనే. ఆ బిడ్డకు ఈత రక్తంల లేదని చెప్పినోళ్లు అప్పుడు ఏడ దాక్కున్నరో!

ఊళ్లల్ల మన తాతలు సొరకాయ బుర్ర నడుముకు కట్టుకుని మోట బావిల దూకి నేర్చిండ్రు. ఉప్పుగూడల మోట బావి ఏది? నీళ్లు కావాలనుకున్న పోరడు క్వారీ గుంతకు పోతడు, చెరువుకు పోతడు. దేశంల ఏటా 30 వేల మందికి పైగా నీళ్లల్ల మునిగి చస్తున్నరని సర్కారు లెక్కలే చెప్తున్నయి. చచ్చినంక ఎక్స్‌గ్రేషియా చెక్కు పట్టుకుని లీడరొస్తడు, ఫోటో దిగుతడు. ఆ చెక్కుల పైసలు ముందే ఒక కోచ్ జీతానికి పెడితే ఏం బోయె?

2036 ఒలింపిక్స్ మన దేశంల పెడతమని పెద్దపెద్ద మాటలు నడుస్తున్నయి. ఆ ఏడు ఇరవై ఏండ్లుండే ఈతగాడు ఇవ్వాల పదేండ్ల పోరడు. వాడు ఇప్పటికే నీళ్లల్ల ఉండాలె. కాబట్టి శంకుస్థాపన రాళ్లు మాకొద్దు. చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, ఉప్పుగూడ నడుమ సర్కారు జాగల యాభై మీటర్ల కొలను కావాలె. ఏడాది పొడుగున జీతమిచ్చే కోచ్‌లు కావాలె, అందుల ఆడ కోచ్‌లు ఉండాలె, ఆడపిల్లలకు వాళ్ల టైము వాళ్లకు ఉండాలె. సర్కారు బడి పిల్లలకు టిక్కెట్టు ఉండొద్దు.

అది కట్టేదాకా గచ్చిబౌలికే పొమ్మంటరా? సరే, పంపుతం. పొద్దుగాల ఐదు గంటలకు ఉప్పుగూడ పిల్లగాన్ని గచ్చిబౌలి కొలను కాడ దించే సిటీ బస్సు నంబరెంతో ముందు అది చెప్పుండ్రి.