వాళ్లకు అన్నీ ఫ్రీ అట!

కెనడాలోని ఎడ్మంటన్‌లో తెలుగువాళ్లు నలుగురు కూడితే చాలు, ఈ మాట వస్తుంది. "ఇక్కడి నేటివ్స్‌కేం బాబూ, చదువు ఫ్రీ, ఇల్లు ఫ్రీ, పన్నుల్లేవు. అయినా బాగుపడరు." కిరాణా కొట్టాయన అంటాడు, బిర్యానీ పాయింటు నడిపే ఆవిడ అంటుంది, ట్యాక్సు ఫైలింగు ఆఫీసు పెట్టుకున్నాయన తలూపుతాడు. పచ్చి అబద్ధం ఇది. ఊళ్లో రిజర్వేషన్ల మీద పళ్లు నూరిన నోళ్లే సముద్రాలు దాటొచ్చి ఇక్కడ ఇంకొకరిని వెతుక్కున్నాయి.

మన దుకాణాలున్న ఈ నేల ఆరో నంబరు ఒప్పందం కిందిది. 1876లో ఫోర్ట్ కార్ల్‌టన్, ఫోర్ట్ పిట్‌ల దగ్గర క్రీ తదితర జాతుల పెద్దలు బ్రిటిష్ రాణి ప్రతినిధులతో కుదుర్చుకున్నది. నేల వదిలేసుకున్నారని ప్రభుత్వం అంటుంది, కలిసి బతుకుదామన్నామని వాళ్లంటారు. ఎలా చూసినా అందులో బడి పెడతామన్న హామీ ఉంది. అంటే చదువుకు వాళ్లు మూల్యం ముందే కట్టేశారు, అదీ ఎకరాల లెక్కన.

అదే కాగితంలో మనిషికి ఏడాదికి ఐదు డాలర్లని రాశారు. ఇప్పటికీ అది ఐదు డాలర్లే. ఏటా ఓ రోజు బల్ల వేసి, పక్కన ఎర్ర కోటు పోలీసు నిలబడగా, ఒక్కొక్కరి చేతిలో ఐదు డాలర్ల నోటు పెడతారు. ఆ నోటు తెచ్చి మీ కౌంటర్ మీద పెడితే రెండు సమోసాలూ ఓ టీ ఇస్తారా మీరు?

ఆ 1876లోనే, మూలవాసులను 'ఇండియన్లు' అంటూ కెనడా చేసిన ఇండియన్ చట్టం కూడా వచ్చింది. దాని ప్రకారం యూనివర్సిటీ డిగ్రీ తెచ్చుకున్న మూలవాసి చట్టం దృష్టిలో మూలవాసి కాకుండా పోయేవాడు. చదువుకుంటే సొంత జాతిలో చోటు పోతుందన్న శిక్ష! చిన్నపిల్లలకు ఇంకో శిక్ష. తల్లి ఒడిలోంచి లాక్కెళ్లి, జుట్టు కత్తిరించి, క్రీ మాట్లాడితే కొట్టే రెసిడెన్షియల్ స్కూళ్లు. దాదాపు లక్షన్నర మంది పిల్లలను వాటిలో వేశారు. వేలమంది తిరిగి ఇంటికి రాలేదు. చివరి స్కూళ్లు మూతపడింది 1990లలో, అంటే మనలో చాలామంది బడికెళ్తున్న రోజుల్లో. బాగుపడరని ఎలా అంటారండీ?

ఇక ఆ 'ఫ్రీ' సంగతి. కాలేజీ చదువుకు ప్రభుత్వం ఇచ్చే సొమ్ము నేరుగా విద్యార్థికి కాక, ఎక్కువగా తెగ మండలి చేతికి వెళ్తుంది. 1996లో ఆ నిధుల పెరుగుదలకు ఏడాదికి 2 శాతమని గొళ్లెం పెట్టారు. జనాభా పెరిగింది, ఫీజులు ఎగిశాయి, గొళ్లెం మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉంది. సీటొచ్చిన పిల్లను పిలిచి, ఈ ఏడాది డబ్బు లేదమ్మా, వచ్చే ఏడాది చూద్దాం అని సొంత మండలే చెప్పాల్సిన గతి. 2015లో, రెసిడెన్షియల్ స్కూళ్ల సంగతి విచారించిన సత్య సయోధ్య కమిషన్ తన 94 పిలుపుల్లో పదకొండోదాన్ని దీనికే కేటాయించింది, ఎదురుచూస్తున్న వాళ్లందరికీ సరిపడా నిధులివ్వమని.

ఇది సర్కారు పని కదా అంటారు. అవును, సర్కారు పనే. దాన్ని మీ ఎంపీని నిలదీసి అడగండి. ఈలోగా ఆ పిల్ల అద్దె ఎవరు కడతారు? వందల కిలోమీటర్ల దూరం నుంచి వచ్చి నగరంలో గది తీసుకున్న పిల్లకు ఫీజు కన్నా ముందు డిపాజిట్టు గండం. చంటిబిడ్డ ఉన్న తల్లికి డే కేర్ గండం. లాప్‌టాప్ పాడైతే సెమిస్టరే పోతుంది. పెద్ద బ్యాంకులూ ఆయిల్ కంపెనీలూ మెరిట్ చూసి, వ్యాసం రాయించుకుని, ఫొటో దిగి స్కాలర్‌షిప్పులు ఇస్తాయి. చిన్న వ్యాపారికి ఆ ఆర్భాటం అక్కర్లేదు. 20 దుకాణాలు నెలకు 100 డాలర్ల చొప్పున వేసుకుంటే ఏడాదికి 24,000 డాలర్లు. మార్కుల షరతు వద్దు, స్టేజీ మీద శాలువా వద్దు, బోర్డు మీద మన పేరు అసలే వద్దు. ఎవరికివ్వాలో వాళ్ల పెద్దలే తేలుస్తారు.

తేల్చే సత్తా వాళ్లకుంది. సెయింట్ పాల్ దగ్గరి బ్లూ క్విల్స్ ఒకప్పుడు అలాంటి రెసిడెన్షియల్ స్కూలే. 1970లో తల్లిదండ్రులు వెళ్లి అందులోనే బైఠాయించి, కదలమని భీష్మించి, స్కూలును తమ చేతుల్లోకి తీసుకున్నారు. పిల్లల్ని ఏడిపించిన ఆ చోటే ఇవాళ వాళ్లు నడుపుకునే యూనివర్సిటీ.

గుడికిచ్చాం, ఉగాది స్టాళ్లకిచ్చాం, సొంతూరి బడికి గేటు కట్టించాం. మంచిదే. మనకు తిండి పెడుతున్న నేల మనుషులకు మాత్రం సెప్టెంబరు 30న ఆ స్కూళ్ల పిల్లల గుర్తుగా ఓ నారింజ రంగు చొక్కా వేసుకుని సరిపెట్టాం. సిగ్గుచేటు. అన్నలారా, అక్కలారా, ఈసారి ఆ చొక్కాతో ఆగకండి. క్లాసులు మొదలయ్యేలోపు బ్లూ క్విల్స్‌కో, మూలవాసులే నడిపే ఇండ్‌స్పైర్ సంస్థకో చెక్కు పంపండి. "వాళ్లకు అన్నీ ఫ్రీ" అన్న మాట ఇంకెప్పుడూ నోట రానివ్వకండి.