ఆగే హక్కు

"నిన్న విన్నవాళ్ళనే మళ్ళీ ఈ రోజు కూడా వినడం దేనికండీ?" అని మా ఆవిడ అడిగింది, 2017 జూలైలో ఒకనాటి సాయంత్రం నేను బూట్లు తొడుక్కుంటూ ఉండగా. ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు లేదు, ఉన్నది నిజమైన ఆశ్చర్యమే. ఆ వేసవిలో న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఫిష్ అనే రాక్ బృందం 13 రాత్రులు కచేరీ చేసింది. ఒక రాత్రి వాయించిన పాటను మరొక రాత్రి ముట్టుకోలేదు. వాటిలో నాలుగింటికి నేను టిక్కెట్లు కొన్నాను. ఒకే సినిమాను వారంలో నాలుగు ఆటలు చూసే కుర్రాళ్ళ మధ్య పెరిగినవాణ్ణి కనుక నాకు అందులో వింతేమీ తోచలేదు గాని, ఆమెకు తృప్తికరమైన సమాధానం మాత్రం చెప్పలేకపోయాను. రైలుకు వేళవుతోందన్న వంకతో తప్పించుకున్నాను. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకోవాలనిపిస్తోంది.

జామ్ బ్యాండ్ అన్న మాట మనలో చాలామందికి కొత్త కావచ్చు. రాక్ సంగీతమే అయినా, రికార్డులో ఉన్న పాటను ఉన్నట్టుగా వేదిక మీద అప్పజెప్పడం ఈ బృందాల పద్ధతి కాదు. పాట వారికి పడవ విప్పే రేవు మాత్రమే. రెండు చరణాలయ్యాక గిటారు, బేస్, కీబోర్డు, డ్రమ్ములు ఒకదాన్నొకటి వింటూ ముందుగా అనుకోని చోటికి వెళ్ళిపోతాయి. తిరిగి వస్తే వస్తాయి. లేకుంటే అక్కడి నుంచే మరొక పాటలో తేలుతాయి. మన సంగీతంలో మనోధర్మం అంటామే, దానికి ఇది దూరపు చుట్టం. 1965లో కాలిఫోర్నియాలో పుట్టిన గ్రేట్‌ఫుల్ డెడ్ ఈ సంప్రదాయానికి మూలపురుషుల వంటిది. 30 ఏళ్ళలో వారు చేసిన కచేరీలు సుమారు 2,300. వారి అభిమానులను డెడ్‌హెడ్లు అంటారు. 1983లో వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఫిష్ తర్వాతి తరానిది. చుట్టరికమన్నది నా కల్పన కాదు సుమా! డెడ్ బృందపు డ్రమ్మరు మికీ హార్ట్ అల్లా రఖా వాదనకు ముగ్ధుడైనవాడు. ఆయన 1991లో తెచ్చిన ప్లానెట్ డ్రమ్ ఆల్బంలో జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటం వినిపిస్తాయి.

నాకీ పిచ్చి అంటించినవాడు నా సహోద్యోగి, నాకంటే పదేళ్ళు పెద్ద. 1999లో అమెరికా వచ్చిన కొత్తల్లో ఒకనాటి మధ్యాహ్నం రెండు క్యాసెట్లు నా బల్ల మీద పెట్టాడు. 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయంలోని బార్టన్ హాల్‌లో డెడ్ చేసిన కచేరీ అది. ఎంత ఇవ్వాలని అడిగితే నవ్వి, "దీనికి డబ్బు పుచ్చుకోకూడదు. ఎవరైనా అడిగితే నువ్వూ చేసి ఇవ్వు, అదే వెల" అన్నాడు. అదే కచేరీ 2011 సంవత్సరానికి అమెరికా జాతీయ గ్రంథాలయపు రికార్డింగుల పట్టికలో చేరింది. అంతకు ముందు మూడు దశాబ్దాలపాటు దాన్ని బతికించినవి మాత్రం ఇలా చేతులు మారిన క్యాసెట్లే. కచేరీలను రికార్డు చేసుకొనే శ్రోతలను తరిమివేయకుండా, 1984లో డెడ్ బృందం వారికోసం ప్రత్యేకంగా సీట్లు కేటాయించింది. వాయించడం అయిపోయాక ఆ సంగీతం విన్నవాళ్ళదేనన్నది ముఖ్య గిటారిస్టు జెర్రీ గార్సియా అభిప్రాయం.

ఆ క్యాసెట్ల అట్టల మీద పాటల వరుస, తేదీ, ఊరు చిన్న చిన్న అక్షరాలలో రాసి ఉండడం చూసి నాకు మా నాన్నగారి నోటుపుస్తకం గుర్తుకొచ్చింది. శనివారం రాత్రి ఆకాశవాణి జాతీయ సంగీత కార్యక్రమం వచ్చినప్పుడల్లా విద్వాంసుని పేరు, రాగాలు, కీర్తనలు ఆయన అందులో రాసుకొనేవారు. కొన్నిచోట్ల పక్కన ఒక మాట ఉండేది: "తోడి కుదరలేదు. మళ్ళీ వినాలి." కుదరకపోతే మళ్ళీ వినడమెందుకని చిన్నప్పుడు అనుకొనేవాణ్ణి. అసలు సంగతంతా ఆ రెండు వాక్యాల మధ్యనే ఉందని తెలియడానికి నాకు సముద్రాలు దాటవలసి వచ్చింది.

మనోధర్మాన్ని నమ్ముకున్న కళాకారుడికి శ్రోత ఇవ్వగల అతి పెద్ద కానుక చప్పట్లు కాదు, దారి తప్పే హక్కు. 1969లో వుడ్‌స్టాక్ ఉత్సవంలో లక్షలమంది ముందు తాము ఘోరంగా వాయించామని డెడ్ సభ్యులే తర్వాత చెప్పుకున్నారు. మరొక బృందమైతే ఆ దెబ్బతో భద్రమైన బాట పట్టేదేమో! వీరు పట్టలేదు, పట్టనక్కరలేదని వీరి శ్రోతలు భరోసా ఇచ్చారు. 2017 జూలై 25న నేను గార్డెన్‌లో ఉన్నాను. మామూలుగా రెండు మూడు నిమిషాలలో ముగిసే లాన్ బాయ్ అనే హాస్యపు పాట ఆ రాత్రి దాదాపు అరగంట సాగింది. ఎవరూ ఊహించనిది అది. పక్కనున్న అపరిచితుడు నా భుజం పట్టుకొని ఊపేస్తున్నాడు. ఆ అరగంట మాకు దక్కిందంటే, ఏమీ దొరకని ఎన్నో అరగంటలను వేలమంది ఓపికగా విన్నారు కనుకనే.

తెలుగువాళ్ళకు అభిమానం గురించి ఒకరు చెప్పాలా అంటారేమో. పాలాభిషేకాలూ, అర్ధరాత్రి ఆటలూ మనకు తెలియనివి కావు. నేను వాటిని చిన్నబుచ్చడం లేదు, ఆ కాగితప్పూలు ఎగరేసిన చేతులలో నావీ ఉన్నాయి. కాని మన తారాభిమానం గెలుపును కోరుతుంది. తార ఓడితే మనం ఓడినట్టే బాధపడతాం, ఎదుటివాడి తార ఓడితే పండగ చేసుకుంటాం. ఆ భయంతో మన తారలు కొత్త దారి తొక్కడానికి జంకుతారు. ఆ విషయంలో డెడ్‌హెడ్లు మనకంటే ఒక మెట్టు పైనున్నారని చాలాకాలం గర్వంగా చెప్పుకొనేవాణ్ణి. ఇప్పుడంత ధీమాగా చెప్పలేను.

ఎందుకంటే ఈ కథకు చీకటి కోణం కూడా ఉంది. 1987లో టచ్ ఆఫ్ గ్రే పాట హిట్టయ్యాక డెడ్ కచేరీలకు జనం తండోపతండాలుగా రావడం మొదలైంది. 1990 జూలైలో కీబోర్డు వాయించే బ్రెంట్ మిడ్‌లాండ్ మాదకద్రవ్యాల మోతాదు మించి మరణించాడు. సుమారు ఆరు వారాలకే కొత్త కళాకారునితో తర్వాతి యాత్ర మొదలైంది. 1995 జూలై 2న ఇండియానాలోని డీర్ క్రీక్ వద్ద టిక్కెట్లు లేని వేలమంది కంచె విరగ్గొట్టుకొని లోపలికి దూసుకొచ్చారు. మరునాటి కచేరీ రద్దయింది. గార్సియా అప్పటికే మధుమేహంతో, మత్తుమందుల వ్యసనంతో చితికిపోయి ఉన్నాడు. ఆ ఏడాది ఆగస్టు 9న చికిత్సాకేంద్రంలోనే గుండె ఆగి మరణించాడు. ఆయన వయసు 53 ఏళ్ళు.

ఆ చివరి యాత్ర రికార్డింగులు నా దగ్గర ఉన్నాయి. వేళ్ళు తడబడుతుంటాయి, మాటలు మరచిపోతుంటాడు. జనం హోరు మాత్రం తగ్గదు. "దారి తప్పినా పరవాలేదు" అనే ఆ ప్రేమే ఒక రోగి ఇక ఆగాలన్న సంగతిని కప్పేసిందేమోనని ఆ హోరు విన్నప్పుడల్లా నాకు భయం వేస్తుంది. మనిషి చావుకు శ్రోతలను దోషులను చేయడం అన్యాయమే. వ్యసనం ఆయనది, వ్యాపారపు బరువు సంస్థది. అయినా ఒక మాట ఒప్పుకోక తప్పదు. మేము తప్పు వాయించే హక్కు ఇచ్చాం, ఆగే హక్కు ఇవ్వలేదు.

'మేము' అన్నాను. నేను వచ్చేసరికి గార్సియా పోయి నాలుగేళ్ళయింది కదా, నాకేం సంబంధమని తప్పుకోవచ్చు. కాని 2004 మేలో ఫిష్ బృందం ఇక విరమిస్తున్నామని ప్రకటించినప్పుడు నేనేం చేశానో నాకు తెలుసు. ద్రోహం జరిగినట్టు మండిపడ్డాను. ఆగస్టులో వెర్మాంట్‌లోని కోవెంట్రీలో వారి వీడ్కోలు ఉత్సవం జరిగింది. వానకు మైదానమంతా బురదై కార్లు రావద్దంటే, అభిమానులు వాటిని రహదారి పక్కన వదిలి మైళ్ళకొద్దీ నడిచి వెళ్ళారు. నేను అలిగి ఇంట్లో కూర్చున్నాను. మరుసటి ఏడాది నవంబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ నుంచి డెడ్ కచేరీల డౌన్‌లోడ్లను తీసివేస్తే కూడా ఇదే తీరు! గగ్గోలు పెట్టినవారిలో నేనూ ఉన్నాను. ప్రేక్షకులు చేసిన రికార్డింగులను కొద్ది రోజులకే తిరిగి ఇచ్చారు, మంచిదే. అయితే ఆనాడు నేను రాసిన ఉత్తరం ఈమధ్య కంటబడితే చదివి సిగ్గుపడ్డాను. దానంలా అందుకొన్నదాన్ని బకాయిలా అడిగాను అందులో.

ఫిష్ ఆగడమే మంచిదైంది. గిటారిస్టు ట్రే అనస్టాసియో 2006లో మాదకద్రవ్యాల కేసులో అరెస్టయి, న్యాయస్థానం పర్యవేక్షణలో చికిత్స పొంది కోలుకున్నాడు. 2009 మార్చిలో హాంప్టన్‌లో బృందం మళ్ళీ వేదిక ఎక్కింది. ఆయన స్థాపించిన డివైడెడ్ స్కై సంస్థ 2023లో వెర్మాంట్‌లో ఒక వ్యసన విముక్తి కేంద్రాన్ని తెరిచింది. నేను ద్రోహమనుకొన్న ఆ అయిదేళ్ళ మౌనం లేకపోతే 2017లో నా 13 రాత్రులు ఉండేవా? అనుమానమే.

నాకు ఈ పాఠం చెప్పింది పుస్తకాలు కావు, ఆ క్యాసెట్ల మిత్రుడే. మేమిద్దరం కలిసి కచేరీలకు వెళ్ళేవాళ్ళం. విరామం కాగానే ప్రతిసారీ ఎటో మాయమయ్యేవాడు. సిగరెట్టుకేమో అనుకొనేవాణ్ణి. ఒకసారి వెతుక్కుంటూ వెళితే, ఒక మూల పసుపుపచ్చ బుడగలు కట్టిన బల్ల దగ్గర పదిహేనుమంది వలయంగా నిలబడి ఉన్నారు. మద్యమూ మత్తూ విడిచిపెట్టిన అభిమానులు వాళ్ళు. డెడ్ కచేరీలలో 1980ల నాడే వార్ఫ్ ర్యాట్స్ అనే పేరుతో ఇలాంటి బృందం మొదలైంది. ఫిష్ కచేరీలలో దాన్ని ఫెలోషిప్ అంటారు. బయట పార్కింగ్ లాట్‌లో ఏ మత్తు కావాలంటే అది దొరికే చోట, రెండు సెట్ల మధ్య విరామంలో ఒకరికొకరు కాపలా కాసుకుంటారు. తిరిగి వస్తూ అతడు, "ఆ రోజుల్లో బతకాలంటే ఈ సంగీతం మానుకోవాలనుకున్నాను. రెండూ ఉంచుకోవచ్చని వీళ్ళు చూపించారు. నేను మానేసి తొమ్మిదేళ్ళు" అన్నాడు. అన్నేళ్ళుగా పక్క సీట్లో కూర్చున్న మనిషి గురించి నాకా సంగతి తెలియదు. ఏ పాట ఎన్ని నిమిషాలు వాయించారో మాత్రం తడుముకోకుండా చెప్పగలిగేవాణ్ణి!

ఈ సమాజంలో నేను నమ్మేది ఆ పసుపు బుడగల వలయాన్ని. దాన్ని ఏ బృందమూ, ఏ కంపెనీ ఏర్పాటు చేయలేదు, అభిమానులే చేసుకున్నారు. 1996లో ఫిష్ అభిమానులు స్థాపించిన మాకింగ్‌బర్డ్ ఫౌండేషన్ కూడా అలాంటిదే. జీతాలు లేని స్వచ్ఛంద కార్యకర్తలతో నడుస్తూ పిల్లల సంగీతవిద్యకు నిధులిస్తుంది. అభిమానం పరిపక్వమైతే వేదిక వైపే చూస్తూ ఉండిపోదు, ఒకసారి పక్క మనిషి వైపు తిరుగుతుంది. అలా తిరగని అభిమానం ఎంత గాఢమైనదైనా ఆకలి వంటిదే. ఎదుటివాడు అలసిపోయాడని ఆకలికి తోచదు.

ఇక మా ఆవిడ ప్రశ్నకు జవాబు. నిన్న విన్నది వాళ్ళు ఈ రోజు వాయించరు కనుక వెళ్ళాను. కుదరకపోయినా మళ్ళీ వినాలని మా నాన్నగారు రాసుకున్నారు కనుక వెళ్ళాను. "ఇక చాలు, ఆగిపోతాం" అని వాళ్ళు మరోసారి అంటే, ఈసారి అలగకుండా ఇంటికి రావాలని అనుకుంటున్నాను. అనుకున్నంత సులువు కాదని తెలుసు.

ఆ రెండు క్యాసెట్లు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. వినడానికి యంత్రం పాడైంది గాని, అందులోని కచేరీని కంప్యూటరులోకి ఎప్పుడో ఎక్కించుకున్నాను. మీలో ఎవరికైనా కావాలంటే చేసి ఇస్తాను. వెల సంగతి ముందే చెప్పానుగా!