గళ్ళ అల్లిక చొక్కాలు కొనదగినవా?

శీతకాలము సమీపించినప్పుడెల్ల మన సభ్యులలో యువకులు కొందఱు “వాఫిల్” అల్లిక చొక్కాలను సంఘము ద్వారా టోకున తెప్పింపవలసినదని కోరుచున్నారు. కోరిక తప్పుకాదు. కాని సంఘపు సొమ్ము సభ్యులందఱి సొమ్ము గావున, ఈ వస్త్రము దేనికి పనికివచ్చునో దేనికి పనికిరాదో ముందుగా విచారించుట యుక్తము.

వాఫిల్ అనునది పాశ్చాత్యులు గళ్ళుగల జంట పెనముల నడుమ కాల్చుకొను ఒక విధమైన అట్టు. దానిమీద పడు చదరపు గుంటలవంటివి ఈ వస్త్రమునందును ఉండుటచే ఆ పేరు వచ్చినది. మగ్గముపై నేసినచో తేనెపట్టు నేత యనియు అందురు. తువ్వాళ్ళు పెక్కు ఆ నేతవే. చొక్కాలు మాత్రము నేతవి కావు, అల్లికవి. నేతలో పడుగును పేకయు ఒండొంటిని బిగబట్టి యుండును. అల్లికలో దారము ఉచ్చులుగా ఒకదానిలో నొకటి దూరి యుండును. మనము తొడుగు బనియనులు ఈ జాతివే.

ఆ గుంటలే దీని గుణమునకు మూలము. కదలక నిలిచిన గాలి వేడిని సులభముగా వెలుపలికి పోనీయదు. గుంట గుంటయందును కొంచెము గాలి నిలుచుటచే, తూకమునకు తక్కువయైనను వస్త్రము వెచ్చగా నుండును. అయితే పైన దట్టమైన వస్త్రము మఱియొకటి లేనిచో, ఈదురుగాలి వీచినంతనే ఆ వెచ్చదనము కొట్టుకొనిపోవును. దీనిని లోపల తొడిగిననే ఫలము. ఒంటిగా తొడిగి గట్టుమీద నిలిచి మోసపోతిమనుట న్యాయము కాదు.

ఇక పొలము మాట. తుమ్మముల్లు తగిలిననేమి, ఎండిన ప్రత్తికాయ డొల్ల మొన గీరిననేమి, ఉచ్చు పైకి లేచి దారము సాగును. నేతచొక్కా చిరిగినచోట కుట్టుకొనవచ్చును. సాగిన అల్లికను సరిచేయుట కష్టము. అంతకన్న ముఖ్యమైనది తడి. నూలు నీటిని మిక్కిలిగా పీల్చును, గుంటలు నిండిన తరువాత గాలికి చోటుండదు. రాత్రివేళ మడికి నీరుకట్టువాడు తడిసిన నూలుచొక్కాతో నిలిచినచో, చలి తగ్గుటకు మాఱు హెచ్చును. ఉన్ని తడిసియు కొంత వెచ్చదనమును నిలుపుకొనును. చింతగింజల గంజి పట్టించిన మన గొంగళి బరువైనదే, గీచుకొనునదే. ఐనను మంచులోను తుంపరలోను దానికి సాటి యగు నూలు అల్లిక లేదు. యువకులకు ఈ మాట రుచింపదని యెఱుగుదును.

పాలిస్టరు కలిపిన రకములు కుంచించుకొనుట తక్కువ, ఆరుట త్వరితము. కాని మన కావలివాండ్రు నెగడు ప్రక్కను కూర్చుండువారు. నిప్పురవ్వ పడినచో పాలిస్టరు కరగి చర్మమునకు అంటుకొనును. ఈ యొక్క కారణముచేతనే, అట్టి రకమును కావలివానికి కొనియీయరాదని నా దృఢమైన అభిప్రాయము. నూలైనను అంటుకొనును గావున నెగడునకు ఎడముగానే యుండవలెను.

స్వచ్ఛమైన నూలు రకము ఉదుకగా కుంచించుకొనును; ఒక కొలత పెద్దది కొనుట మేలు. చన్నీటితో ఉదికి, తీగపై వ్రేలాడదీయక నులకమంచముపై పఱచి ఆరబెట్టవలెను. తడిబరువుచే నిడుపున సాగిపోవును. అంగడిలో వస్త్రమును లాగి విడిచి చూడుడు. గళ్ళు వెంటనే పూర్వరూపమునకు రానిచో, ఆ చొక్కా మోచేతులవద్ద సంచివలె వ్రేలాడుటకు ఎంతోకాలము పట్టదు.

వెల మాటకు వచ్చునప్పుడు ప్రత్తిరైతు ఒక లెక్క చూచుకొనవలెను. గింజతోడి ప్రత్తిలో దూది రమారమి మూడవవంతు. 300 గ్రాముల చొక్కాకు తరుగుతో కలిపి కిలోంబావు ప్రత్తి సరిపోవును. 2025-26 సంవత్సరమునకు పొడవుపింజ ప్రత్తికి కేంద్ర ప్రభుత్వము నిర్ణయించిన కనీస మద్దతుధర క్వింటాలునకు 8,110 రూపాయలు. ఆ లెక్కను చొక్కాలోని ప్రత్తికి రైతునకు ముట్టునది నూఱు రూపాయల ప్రాంతము. మిగిలినదంతయు వడుకుటకు, అల్లుటకు, అద్దకమునకు, కుట్టుటకు, రవాణాకు, అంగడికి, పేరునకు. మొదటివి న్యాయమైన కూలి. చివఱిదానికి ఎంత యిచ్చుటయో కొనువాని చిత్తము, నేనైతే ఈయను.

ఆదిలాబాదు ప్రాంతమునను, అరకు, లంబసింగి కొండలయందును వేకువజామున లేచు వృద్ధులకు ఇంటిపట్టున లోపల తొడుగుకొనుటకు ఒక్కొక్క నూలు చొక్కా కొనుట సార్థకమే. కోస్తా పల్లములవారికి పాతచొక్కాపై దుప్పటి చాలును. పొలముపనికి మాత్రము ఎవరును కొనవలదు. సంఘము టోకు బేరమునకు దిగుటకు పూర్వము నాలుగు చొక్కాలను నమూనాగా తెప్పించి, నిడుపును వెడల్పును కొలిచి వ్రాసి, ఐదుమార్లు ఉదికించి మరల కొలువవలెను. ఆ కొలతలు సర్వసభ్య సమావేశమున చదివిన పిమ్మటనే తీర్మానము చేయుదము. అప్పుపై మాత్రము ఒక్క చొక్కాయు ఈయరాదు. ఎరువుల ఖాతాలో చొక్కాల బాకీ చేరినచో వసూలు చేయవలసిన గుమాస్తా కష్టము మనకు తెలియనిది కాదు.