విద్యార్థులు - వృత్తిదర్శనము

ఎద్దును కొనదలచిన రైతు సంతకు పోయి, పండ్లు చూచి, కాడికట్టి నడిపించి గాని రూకలు చెల్లింపడు. పిల్లనిచ్చు తండ్రి వరుని గుణగణములు విచారింపక తాంబూలములు పుచ్చుకొనడు. కాని యావజ్జీవము చేయవలసిన వృత్తిని మాత్రము మన బాలబాలికలు చూడకయే వరించుచున్నారు. పదవ తరగతి ముగియకమునుపే ఇంజనీరింగు అని నిశ్చయమగుచున్నది. రెండేండ్లు కోచింగు, నాలుగేండ్లు కళాశాల; ఇందులకై పొలము తాకట్టు పెట్టిన కుటుంబములును గలవు. ఇంత వ్యయమైనను, ఇంజనీరు ఉదయము మొదలు సాయంకాలము వరకు ఏమి చేయునో ఆ విద్యార్థి ఒక్క దినమైనను చూచి యెరుగడు. ఇది వివేకమా యని మేము ప్రశ్నించుచున్నాము.

అమెరికా మున్నగు దేశములలో దీనికొక సులభోపాయము గలదు. దానిని 'జాబ్ షాడోయింగ్' అందురు. విద్యార్థి ఒక వృత్తినిపుణుని వెంట ఒకటి రెండు దినములు నీడవలె తిరుగును. పని చేయడు, జీతమడుగడు. చూచును, ప్రశ్నించును, వ్రాసికొనును. ఇది విహారయాత్ర కాదు. ఏబదిమంది బస్సులో పోయి ఆనకట్టను చూచినచో ఆనకట్టయే కనబడును గాని, దానిని కాపాడు మనుష్యుడు కనబడడు.

అట్టి మనుష్యుని విలువ యెట్టిదో 2024వ సంవత్సరమున మనకు తెలిసివచ్చినది. ఆ యేడు ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్టకు గల 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకొనిపోయెను. రాయలసీమ రైతుల గుండెలు గుభిల్లుమన్నవి. గేట్ల పనిలో ఆరితేరిన కన్నయ్యనాయుడుగారి మార్గదర్శకత్వమున, నీరు ప్రవహించుచుండగనే ఉక్కు స్టాప్‌లాగులను ఒకదానిపై నొకటి దింపి, వారము దినములలో ఆ ఖాళీని మూసిరి. ఈ కార్యమున గణితము గలదు, యంత్రశాస్త్రము గలదు. క్రేను నడుపువానితో కూడి పనిచేయు నేర్పు, అపాయమున చెదరని ధైర్యము గలవు. మొదటి రెండును పుస్తకమున దొరకును. తక్కినవి పనిచేయువాని ప్రక్కన నిలిచిననే గాని దొరకవు.

అట్టి ఆపత్సమయమున బాలురను గట్టుపై నిలుపుడని మేము చెప్పుట లేదు. గొలుసుల తుప్పు పరీక్షించి గ్రీజు పెట్టు సామాన్య దినములు గలవు గదా! ఆ దినమున ఇద్దరు విద్యార్థులు వెంటనుండినచో, ఇంజనీరింగు అనగా క్రొత్తవి కట్టుట మాత్రమే కాదనియు, కట్టినదానిని ఏటేట కాచుకొనుట యనియు గ్రహింతురు.

ఫారడే మహాశయుడు కళాశాల మెట్లెక్కలేదు. పుస్తకములకు అట్టలు కట్టుపని నేర్చినవాడు. 1812లో డేవీ పండితుని ఉపన్యాసములు విని, 1813లో ఆయనకు సహాయకుడై ప్రయోగశాలలో ప్రవేశించెను. గురువు చేయు పనిని దగ్గరనుండి చూచిన ఆ కన్నులే 1831లో విద్యుచ్ఛక్తిని పుట్టించు మార్గమును కనుగొన్నవి. అందరును ఫారడేలు కాజాలరు. ఈ వృత్తి తనకు సరిపడదని ఒక్క దినమున తెలిసికొన్నవాడును ధన్యుడే. వానికి నాలుగేండ్లు, వాని తండ్రికి పొలము మిగులును.

2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము ఆరు మొదలు ఎనిమిది తరగతుల పిల్లలు పుస్తకముల సంచి లేక పది దినములు వడ్రంగి, కుమ్మరి, తోటమాలి మొదలగు స్థానిక వృత్తినిపుణుల యొద్ద గడపవలెనని చెప్పినది. ఆశయము శ్లాఘనీయము. తొమ్మిది మొదలు పండ్రెండు తరగతులవారికి విద్యుత్తు సబ్‌స్టేషను, మంచినీటి శుద్ధికేంద్రము, భూసార పరీక్షాకేంద్రము, చక్కెర మిల్లు, ఆసుపత్రి ప్రయోగశాల సైతము తలుపులు తెరువవలెను. ఒక్కొక్కరి వెంట ఇద్దరికి మించరాదు. తల్లిదండ్రుల అనుమతి, తలకు హెల్మెట్టు, యంత్రమును తాకరాదను కట్టుబాటు, ప్రక్కన బాధ్యతగల పెద్ద - ఇవి యుండిన భయపడ నక్కరలేదు.

ఇందు ముందు పిలువవలసినది ఎవరిని? ఇంజనీరు కుమారునికి ఇంటనే దర్శనము లభించును. కూలివాని కుమార్తెకు, పల్లెలోని సర్కారు బడి పిల్లవానికి ఆ ద్వారము తెరచువారెవరు? తెలివి అన్ని యిండ్లను పుట్టును. పరిచయము మాత్రము కొన్ని యిండ్లకే పరిమితమై యున్నది. ఈ అన్యాయమును తొలగించుటకు క్రొత్త భవనములు అక్కరలేదు, లక్షలు అక్కరలేదు.

మిల్లుల యజమానులును, ఉద్యోగులును, వైద్యులును, పట్టణములలోని పెద్దలును తమకు సమీపమున నున్న బడి ప్రధానోపాధ్యాయునికి "ఇద్దరిని పంపుడు" అని ఒక్క ఉత్తరము వ్రాయుదురు గాక! ప్రభుత్వపు ఉత్తరువు బడికి సెలవు నీయగలదు గాని, పిల్లవానిని వెంటబెట్టుకొని నడువజాలదు. నడువవలసినవారు మనమే.