బొమ్మ పెరిగింది, సీతమ్మ తగ్గింది

మా పర్ణశాలలో వాగు ఒడ్డు రాళ్ల మీది చారలను సీతమ్మ నారచీరలు ఆరేసిన గుర్తులంటారు. మాకు రామాయణం ఇంటి సంగతి. రామానంద్ సాగర్ 1987-88 నాటి దూరదర్శన్ ధారావాహికను 2020 లాక్‌డౌన్‌లో మళ్లీ వేస్తే, మిరప చేలనుంచి వచ్చిన మావాళ్లు కదలకుండా చూశారు. అదే కథతో 2023లో వచ్చిన ‘ఆదిపురుష్’ దానికి సాటి వచ్చిందా? రాలేదనే నా అభిప్రాయం. సాగర్ గారి ట్రిక్కులకు నేడు నవ్వు రావచ్చు. అపహరణ వేళ సీత దుఃఖం మాత్రం మనల్ని తాకుతుంది. ఇక్కడేమో రావణుడి గబ్బిలం వాహనమే కంటికి ఆనింది.

మూడు గంటల్లో ఎలా కుదురుతుందంటారా? 2011లో బాపు గారు ‘శ్రీరామరాజ్యం’ ఒక్క సినిమాలోనే సీత కన్నీటికి చోటిచ్చారు కదా! కొరత కాలానిది కాదు, ఓర్పుది. రేపు కంప్యూటర్ బొమ్మలు చేయబోయే సైన్సు మిత్రులారా, ఇది మరువకండి.