సెల్లారులో దుకాణాలు, వీధిలో వాహనాలు

జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్, సాక్చీ బజార్లలో రోడ్డు వారగా బారులు తీరే వాహనాలకు నిజానికి ఆ భవనాల కిందనే చోటు ఉండవలసింది. అనుమతి కోసం సమర్పించిన ప్లానులో పార్కింగ్‌గా చూపిన స్థలం, భవనం పూర్తయ్యాక దుకాణంగానో గోదాముగానో మారి అద్దెకు పోవడం అక్కడ ఏళ్ళ తరబడి సాగింది. ఈ అక్రమాలపై ప్రజాహిత వ్యాజ్యం జార్ఖండ్ హైకోర్టుకు చేరింది. విచారణ నేపథ్యంలో 2024లో జంషెడ్‌పూర్ నోటిఫైడ్ ఏరియా కమిటీ పలు సెల్లార్లకు సీళ్ళు వేసింది.

సీలు పడితే యజమానికి ఆగేది అద్దె మాత్రమే. అడ్వాన్సు చెల్లించి, సరుకు నింపుకొన్న అద్దెదారు మాత్రం నడివీధిన పడతాడు. తనకు తెలిసిన ముఖ్యమైన లోపాన్ని యజమాని అద్దెదారుకు వెల్లడించాలని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షను చెబుతున్నది. అయితే సాధారణ జాగ్రత్తతో కనిపెట్టగల లోపానికి ఈ రక్షణ లేదు. మంజూరైన ప్లాను చూసి ఉండవలసిందని ఎదుటి వకీలు వాదిస్తే జవాబు దొరకడం కష్టం.

జంషెడ్‌పూర్‌లో మరో చిక్కు ఉన్నది. టాటా స్టీలు ప్రభుత్వం నుంచి లీజుకు పొందిన భూమిని సబ్‌లీజుకు తీసుకున్నవారు భవనాలు కట్టి అద్దెకిచ్చిన చోట, దుకాణదారు నాలుగో మెట్టు మీద ఉంటాడు. పైవారికి లేని హక్కు అతనికి సంక్రమించదు.

ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయాలి గనుక పదకొండు నెలల పత్రాలతో సరిపెట్టడం అంతటా ఉన్నదే. వాటిలో పార్కింగ్ ఊసే ఉండదు. ఎన్ని కార్లకు, ఎన్ని ద్విచక్ర వాహనాలకు చోటు ఇస్తున్నారో, కొనుగోలుదారులు అక్కడ నిలుపుకోవచ్చో లేదో పత్రంలో రాయాలి. సీలు పడిన తేదీ నుంచి అద్దె నిలిచిపోతుందనీ, అడ్వాన్సు వాపసు చేయాలనీ షరతు ఉండాలి. అందుకు యజమాని వెనుకాడితే అద్దెదారు అనుమానించక తప్పదు. పార్కింగ్ స్థలాన్ని విడిగా అమ్ముకునే హక్కు బిల్డరుకు లేదని మహారాష్ట్ర ఫ్లాట్ల కేసులో సుప్రీంకోర్టు 2010లోనే తీర్పు చెప్పింది. అది నివాస భవనాల వ్యవహారమే అయినా వ్యాపార భవనాల యజమానులు గమనించదగినది.

తప్పంతా యజమానులదే అనడానికీ వీలులేదు. ప్లానుకు ఆమోదముద్ర వేసిన అధికారులు, భవనం పూర్తయ్యాక ఒక్కసారి మెట్లు దిగి చూసి ఉంటే ఇన్ని సీళ్ళ అవసరం వచ్చేది కాదు. ఇకనైనా మంజూరైన పార్కింగ్ వివరాలను ప్రతి వాణిజ్య భవనం ముందు బోర్డుపై రాయించాలి. అద్దెదారు కోరితే ప్లాను నకలు ఇచ్చే ఏర్పాటు కమిటీ కార్యాలయంలోనే ఉండాలి.